ఏడో నంబరు గుంత

ఆ సోమవారం పొద్దున మా గుట్టలవాడ మున్సిపాలిటీ చెత్త ఆటో చెత్త తీసుకోవడం మానేసి, ఒక ప్రకటన చేసుకుంటూ వీధులన్నీ తిరిగింది. ఆ ఆటో మైకు ఏ కాలం నాటిదో, అందులోంచి ఏ మాటయినా సగం అరిగిపోయి బయటికొస్తుంది.

"పుర ప్రజలకు శుభవార్త! మన పట్టణంలో త్వరలో గోల్ఫ్ కోర్సు! ప్రజలందరూ సహకరించగలరు!" అన్నది మైకు.

మా దగ్గర ఇంటికొకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. అలా లేని ఇంట్లో కనీసం ఒక పాస్‌పోర్టు ఉంటుంది. కాబట్టి ఊరు ఊరంతా "గల్ఫ్ కోర్సు" అని విన్నది. పదిన్నరయ్యేసరికి మున్సిపల్ ఆఫీసు ముందు రెండు వందల మంది పోగయ్యారు. అందరి చేతుల్లోనూ పాస్‌పోర్టులు, ఆధార్ జిరాక్సులు, తెల్ల బ్యాక్‌గ్రౌండు ఫొటోలు.

"కోర్సు ఎన్ని నెలలు సార్? అయిపోంగనే వీసా చేతుల పెడ్తరా?" అని ఒక మేస్త్రీ గేటు ఊపుతున్నాడు.

కమిషనర్ పరాంకుశం గారు కిటికీ తెర తొలగించి చూశారు. ధర్నాకు తప్ప తన ఆఫీసు ముందు ఇంత జనం రావడం ఆయన ఎన్నడూ ఎరగరు.

"సుదర్శనం, వీరందరూ ఎవరు?"

ఏఈ సుదర్శనం తల బయటపెట్టి కనుక్కొచ్చాడు. "కోర్సు కోసమే వచ్చిన్రు సార్. కానీ గోల్ఫ్ అనుకోలే, గల్ఫ్ అనుకున్నరు."

"ఏమనుకున్నారన్నది అప్రస్తుతము. వచ్చినారు కదా? ప్రజాస్పందన అను శీర్షికకు పది మార్కులు కేటాయించబడి ఉన్నవి. అందరి సంతకములు తీసుకొనుము. సంతకము రానివారి వేలిముద్రలు తీసుకొనుము. వారి అభిప్రాయమును సరిదిద్దు అధికారము మనకు లేదు."

ఇదంతా నాకెలా తెలుసంటే, నేనప్పుడు ఆ గదిలోనే నిలబడి ఉన్నాను. నాతోపాటు లస్మవ్వ కూడా ఉంది.

మాది సమతా నగర్ కాలనీ. సమత అంటే చదునని ఎవరైనా అర్థం చెబితే మా రోడ్డు పగలబడి నవ్వుతుంది. ఇప్పటికే పగిలి ఉంది కాబట్టి దానికి పెద్ద కష్టం కూడా లేదు. నేను ఆ కాలనీ సంఘం కార్యదర్శిని. పేరుకే కార్యదర్శిని, ఏ కార్యమూ దర్శించినవాణ్ణి కాను. లస్మవ్వ కాలనీ చిట్టచివర, కమ్యూనిటీ హాలు పక్కన ఉంటుంది. ఆమెకొక బజ్జీల బండి. మధ్యాహ్నం మూడింటికి ఇంటి దగ్గర కదిలి, నాలుగు గంటల కరీంనగర్ బస్సు వేళకు బస్టాండు చేరాలి. ఆ నడుమ ఉన్నదే మా రోడ్డు.

ఆరేళ్లుగా ఆమె ప్రతి సోమవారం ఆఫీసుకు వచ్చి ఒక దరఖాస్తు ఇస్తుంది. రాసేది నేను, చెప్పేది ఆమె. గుంతలకు నంబర్లు పెట్టింది కూడా ఆమే. "నాలుగో నంబరు గుంత, మేనేజరు సారు గేటు ముంగట. మోకాలంత లోతు. మిర్చి బజ్జీలు నలభై పడిపోయినయ్." "పదకొండో నంబరు, నీళ్లు ఎండకాలం సుత ఎండవు." ఇలా పద్దెనిమిది గుంతల చరిత్ర ఆఫీసు ఫైళ్లలో ఉంది. ప్రతి దాని మీదా సుదర్శనం "పరిశీలించి చర్య తీసుకొనబడును" అని ముద్ర కొట్టాడు. ఇన్నాళ్లకు, పోయిన వారమే, రోడ్డు మంజూరైంది. ఒక లారీ ఇసుక కూడా దింపారు.

అయితే పన్నెండు రోజుల కింద ఏడో నంబరు గుంతలో లస్మవ్వ బండి చక్రం మూడోసారి విరిగింది. వెల్డింగ్ చేసే సాయిలు చేతులు జోడించి, "రోడ్డు ఏసినంక రా అవ్వా, ఊకె అతికిచ్చుడు నాతోని కాదు" అన్నాడు. బస్టాండు దగ్గర బండ్లకు ఒక రూలుంది: వరుసగా ముప్ఫై రోజులు బండి పెట్టకపోతే ఆ జాగా వేరేవాళ్లకు పోతుంది. నూడుల్స్ బండివాడు అప్పుడే ఆ చోట అడుగులు వేసి కొలుచుకుంటున్నాడట.

అందుకని, రోడ్డు పని ఎప్పుడు మొదలవుతుందో కనుక్కోవడానికి వచ్చాం.

"సారూ, ఇంక పద్దెనిమిది దినాలే ఉన్నయ్ నాకు," అన్నది లస్మవ్వ.

కమిషనర్ గారు ఆమె మాట వినలేదు, ఆమె ఫైలు చూస్తున్నారు. అంత మమకారంగా ఫైలును చూసిన అధికారిని నేను ఎక్కడా చూడలేదు.

జరిగిందేమంటే, రాజధానిలో కొత్తగా గోల్ఫ్ మైదానాల శ్రేణీకరణ మండలి వెలిసింది. ముందటేడు ఊరూరా సెల్ఫీలు దిగే చోటు ఉండాలన్నారు, ఈ ఏడు గోల్ఫ్ ఉండాలన్నారు. "ఏ పట్టణమునందు ఉత్తమ గోల్ఫ్ మైదానము కలదో ఆ పట్టణమే ఉత్తమ పట్టణము" అని ఉత్తర్వు. ఫస్టు ర్యాంకు వచ్చిన ఊరి కమిషనర్‌ను రాజధానికి బదిలీ చేస్తారు. మా ఊళ్లో క్రికెట్టుకే జాగా లేదు. ఉన్న ఒక్క మైదానంలో నాలుగు పార్టీల జెండా గద్దెలున్నాయి. కమిషనర్ గారు దిగులు పడి ఉత్తర్వు మళ్లీ చదివితే, అందులో గొప్ప మైదానానికి నిర్వచనం కనబడింది: "గొప్ప మైదానమనగా ఆటగాణ్ణి సులభముగా ముందుకు పోనివ్వనిది."

"చదువుము, సుదర్శనం," అన్నారు.

సుదర్శనం చదివాడు. బంతిని, మనిషిని ఆపే ఆటంకాలకు ముప్ఫై మార్కులు. ఎత్తుపల్లాలకు ఇరవై. నీటికి పది. ఏ గుంతా మరో గుంతలా ఉండకపోతే పది. ఒకసారి ఆడినవాడు జన్మలో మరిచిపోకుండా ఉంటే, దాన్ని మరపురానితనం అంటారట, దానికి పది. "ఇంకా దారికి పది, ప్రజాస్పందనకు పది సార్. మొత్తం గుంతలు పద్దెనిమిది ఉండాలె. మన సమతా నగర్‌ల సరిగ్గ పద్దెనిమిది ఉన్నయ్. ఒక్కోదానికి ఆరేండ్ల ఆధారాలున్నయ్."

కమిషనర్ గారు మొదటిసారి తలెత్తి లస్మవ్వను చూశారు.

"అమ్మా, ఈ గుంతలన్నియు తమరే స్వయముగా కొలిచినారా?"

"కొలుసుడేంది సారూ. పడ్డ."

"మోకాలి లోతు అని వ్రాయబడినది. ఎవరి మోకాలు?"

"నాదే."

"ప్రామాణికము! వ్రాసుకొనుము, సుదర్శనం. రోడ్డు పని తక్షణమే నిలుపుదల చేయడమైనది."

లస్మవ్వ నా మొహం చూసింది. నేను సీలింగు ఫ్యాను చూశాను.

బయటికొచ్చేసరికి గేటు దగ్గర రాజలింగు దొరికాడు. మా కాలనీవాడే, రెండేళ్ల కింద దుబాయి నుంచి వాపసొచ్చాడు. అక్కడ పన్నెండేళ్లు ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి కోశాడు. గుట్టలవాడలో ఆ ఆటను కళ్లతో చూసినవాడు అతనొక్కడే. పాస్‌పోర్టుల గుంపులో నిలబడి, "అరే, గది గల్ఫ్ కాదురా, ఆట! కట్టెతోని ఉండ గొట్టే ఆట!" అని మొత్తుకుంటున్నాడు.

సుదర్శనం పరుగున వచ్చి అతని భుజం పట్టి పక్కకు లాగాడు. "నోరు మూసుకో రాజలింగూ! పది మార్కులయ్యా! నిన్ను మైదానం పర్యవేక్షకునిగ పెడుతున్నం. ర్యాంకు వచ్చేదాక ఎవనికీ ఏం జెప్పకు."

రాజలింగు ఆలోచించాడు. "నౌకరా సార్? గడ్డి కోసుడేనా?"

"గడ్డి యాడుందయ్యా మనకు? కాపలా ఉండుడే."

"గోల్ఫ్‌ల గుంత గలాసంత ఉంటది సార్. మనయి బర్రె పండేటంత ఉన్నయ్."

"గలాసంత గుంతకు ఏం మార్కులు పడ్తయి చెప్పు?" అన్నాడు సుదర్శనం, జాలిగా.

మర్నాటికల్లా పద్దెనిమిది గుంతల్లో పద్దెనిమిది ఎర్ర జెండాలు లేచాయి. మా రోడ్డుకు అప్పటిదాకా ప్రమాదం అని రాసిన బోర్డు కూడా ఎవరూ పెట్టలేదు. ఇప్పుడు ప్రతి ప్రమాదానికీ ఒక జెండా, ఒక నంబరు వచ్చాయి. రోడ్డు కోసం దింపిన ఇసుక కుప్ప చుట్టూ తాడు కట్టి, బంకర్ అని రాశారు; ఆ ఆటలో ఇసుక మడిని అలాగే అంటారట. ఎవడో పాన్ బంకు అనుకొని తాడు దూకి సిగరెట్టు అడిగాడు. ఆట మొదలయ్యే చోటును టీ అంటారని రాజలింగు చెబితే, ఇద్దరు ముసలివాళ్లు అక్కడ గలాసులు పట్టుకొని కూర్చున్నారు. "బ్యాగులు మోయు క్యాడీలు కావలెను" అని పేపర్లో ప్రకటన వేస్తే, పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది: కేడీల జాబితా మా దగ్గరుంది, ఎంతమంది కావాలి అని.

నాలుగో గుంత ముందుండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు ఆ జెండా ఎందుకో తెలియక, తన డబ్బులతో రెండు బండ్ల మొరం తెప్పించి గుంత పూడ్పించారు. ఆ సాయంత్రమే నోటీసు వచ్చింది. "ప్రభుత్వ క్రీడా సదుపాయమును ధ్వంసము చేసినందున, ఇరువది నాలుగు గంటలలోగా గుంతను పూర్వపు లోతునకు తీసుకురావలెను. లోతును శ్రీమతి లస్మవ్వ మోకాలితో ధ్రువీకరించుకొనవలెను."

పాపం, మేనేజరు గారు పార పట్టుకున్నారు. లస్మవ్వ గుంతలో దిగి నిలబడింది.

"సరిపోయిందా అమ్మా?"

"ఇంక జెర తీయాలె సారూ. నాకు సుత పాపమనిపిస్తంది, ఏం జెయ్యను? సంతకం వెట్టెటిది నేనాయె."

పదకొండో గుంతకు నీళ్లిచ్చే పైపు లీకును ఎవరో ప్లంబరు పొరపాటున బాగుచేశాడు. ఆరేళ్లలో ఆ పైపు దగ్గరికి రాని నీటి విభాగం, లీకును యథాస్థితికి తేవడానికి గంటలో వచ్చింది. లస్మవ్వకు కూడా ఒక నోటీసు అందింది: ఆమె బండి చక్రం తగిలి ఏడో గుంత అంచు ఆకారం మారినందుకు సంజాయిషీ.

ఆమె ఆ కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. "నా చక్రం ఇరిగినందుకు గుంతకు నొప్పి లేసిందట సారూ," అని నవ్వింది. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఇయ్యాల పందొమ్మిదో దినం."

మర్నాడు మండలి తరఫున కీర్తిప్రకాశ్ గారు వచ్చారు. తెల్ల టోపీ, తెల్ల బూట్లు, ఎడమ చేతికి ఒక్కటే గ్లౌజు. రెండోది ఏ ఊరి గుంతలో పోయిందో అని జాలిపడ్డాం. కాదు, ఒక్కటే వేసుకుంటారు అన్నాడు రాజలింగు. ఆయన కారు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది, లోపలికి రాలేక. అక్కణ్ణుంచి నడుస్తూ ఆట మొదలుపెట్టారు.

మొదటి గుంతలో బంతి మాయమైంది. రెండో బంతిని మూడో గుంత దగ్గర కుక్క ఎత్తుకుపోయింది. అయిదో గుంతలోంచి బయటపడటానికి ఆయనకు ఇరవై రెండు దెబ్బలు పట్టాయి. ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"వండర్‌ఫుల్! నేను ఎన్నో కోర్సులు చూశానండీ. అన్నీ మనుషులు చెక్కినవే. ఇక్కడ మాత్రం మనిషి చెయ్యి పడనే లేదు!"

"ఆరు సంవత్సరములుగా పడలేదు," అన్నారు కమిషనర్ గారు, వినయంగా.

"ప్రకృతి ఇక్కడ ఆటగాడితో మాట్లాడుతోంది. వినండి, ఇదిగో..." అంటూ కీర్తిప్రకాశ్ గారు ఒక అడుగు వెనక్కి వేసి ఏడో నంబరు గుంతలో నడుం దాకా దిగిపోయారు.

అందరూ పరుగెత్తారు. ముందు చేరింది లస్మవ్వ. "ఎడమ కాలు ముందుగాల తియ్యి సారూ. గట్ల కాదు, పక్కకు వంగు. ఆఁ. నాకలవాటే."

బురదలోంచి లేచిన ఆయన కాగితం అడిగి, అక్కడికక్కడే రాసేశారు. ఆటంకాలు ముప్ఫైకి ముప్ఫై. నీళ్లు పదికి పది, అవి తన ప్యాంటులోనే ఉన్నాయన్నారు. మరపురానితనం పదికి పది. "దీన్ని నేను జీవితంలో మరిచిపోలేను. ఈ దారిన వెళ్లినవాడు ఎవడూ మరిచిపోలేడు."

కమిషనర్ గారు అప్పటికే మనసులో రాజధానిలో ఇల్లు వెతుక్కుంటున్నారు. ఇంతలో కీర్తిప్రకాశ్ గారి కలం ఆగింది.

"మీ క్లబ్బు హాలు ఎక్కడ?"

"ఆ చివర, కమ్యూనిటీ హాలు సార్," అన్నాడు సుదర్శనం.

"అక్కడిదాకా కారు పోవాలి కదా. దారి ఏది?"

"ఇదే సార్ దారి."

"ఇది మైదానం కదండీ?"

"మైదానం గూడ ఇదే సార్."

"అంటే దారి లేదన్నమాట," అని సున్నా వేశారు. మొత్తం తొంభై. పక్క పట్టణంవాళ్లు రాళ్ల క్వారీని నమోదు చేసి తొంభై మూడు తెచ్చుకున్నారని ఆయనే చెప్పారు. పది రోజుల్లోగా లోపం సవరించి ఫొటో పంపితే ఆ పది కలుపుతామనీ, నిబంధనల ప్రకారం ఒకసారి వేసిన మార్కులు తగ్గించే పద్ధతి మాత్రం లేదనీ చెప్పి, బూట్లలో నీళ్లు ఒంపుకొని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం లస్మవ్వ మా ఇంటికొచ్చింది. వస్తూనే అడిగింది: "సారూ, గాయన దారి దారి అన్నడు గదా. ఆ దారి యాడికేలి యాడిదాక ఉండాలె?"

"మెయిన్ రోడ్డు నుంచి కమ్యూనిటీ హాలు దాకా."

"అంటే మా ఇంటి దాక."

"అవును..." అన్నాను. నాకప్పటికీ వెలగలేదు.

"మనం ఆరేండ్లు తప్పు రాసినం సారూ. రోడ్డు లేక నాకేం పోయిందో రాసినం. రోడ్డు లేక గాళ్లకేం పోతుందో రాయలే. కాగితం తీయి."

ఆరేళ్లలో నేను రాసిన అన్నిటికన్నా చిన్న దరఖాస్తు అదే. "మన గోల్ఫ్ మైదానమునకు దారి లేనందున పది మార్కులు నష్టపోతున్నాము. క్వారీ మనకన్నా ముందున్నది. తగు చర్య కోరడమైనది." బండి మాట లేదు, బజ్జీల మాట లేదు.

సోమవారం పది గంటలకు ఇచ్చాం. పది గంటల పది నిమిషాలకు కమిషనర్ గారి సంతకం పడింది. పదకొండింటికి రోడ్డు రోలరు బయల్దేరింది.

సుదర్శనం ఒక్కడే ఇంకా గింజుకుంటున్నాడు. "సార్, దారి ఏస్తే గుంతలు పూడిపోతయ్. గుంతలు పోతే మైదానం పోతది. మైదానం పోయినంక దారి దేనికి సార్?"

కమిషనర్ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆయనను నేను ఎన్ని విధాల ఆటపట్టించినా, ఆ నిమిషంలో ఆయన మేధకు దణ్ణం పెట్టకుండా ఉండలేను.

"మైదానము ఎక్కడికి పోవును, సుదర్శనం? క్రిందనే ఉండును. పైన దారి, క్రింద మైదానము. మార్కులు తగ్గించుటకు నిబంధన లేదు. వ్రాసుకొనుము: పద్దెనిమిది గుంతలను భావి తరముల కొరకు రహదారి క్రింద సురక్షితముగా భద్రపరచడమైనది."

మూడు రోజుల్లో రోడ్డు పడింది. ఫొటో వెళ్లింది. మూడో రోజు సాయంత్రానికే వందకు వంద, రాష్ట్రంలో ఫస్టు ర్యాంకు. రోడ్డుకు కమ్యూనిటీ హాలు వైపు చివర పచ్చ బోర్డు పెట్టారు: "ఈ రహదారి క్రింద రాష్ట్రములోకెల్ల ఉత్తమ గోల్ఫ్ మైదానము కలదు."

ప్రారంభోత్సవం నాటికి లస్మవ్వ లెక్క ఇరవై తొమ్మిది. ముందురోజే సాయిలు కొత్త చక్రం బిగించాడు. కమిషనర్ గారు రిబ్బను కత్తిరించేవరకు బండి కదలకూడదన్నారు. ఆమె హాలు ముందు కట్టిన రిబ్బను వెనక బండి పట్టుకొని నిలబడి ఉంది, రెండున్నర నుంచి. కడాయి నిండా నూనె పోసుకుంది. ఇన్నేళ్లూ సగమే పోసేది, ఒలికిపోతుందని.

మూడింటికి కమిషనర్ గారు కత్తెర ఎత్తారు. అంతలో జేసీబీ వచ్చింది. మంచినీళ్ల పైపుల విభాగంవాళ్లు. మా ఊళ్లో రోడ్డు వేసిన మర్నాడు తవ్వడం వాళ్ల ఆచారం. వెయ్యకముందు తవ్వితే ఎవరికీ కనబడదని వాళ్ల బాధ. డ్రైవరు బకెట్ దించబోయాడు.

లస్మవ్వ బండి వదిలి వెళ్లి, జేసీబీ ముందు నిలబడి బోర్డు చూపించింది. "సదువు. కింద ఏమున్నదో సదువు."

డ్రైవరు చదివాడు. అతని ఇంజనీరు దిగొచ్చి చదివాడు. కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. "క్రీడా సదుపాయమును ధ్వంసము చేసినచో తీసుకొనబడు చర్యలు తమకు విదితమే కదా?"

జేసీబీ వెనక్కి తిరిగింది. చప్పట్లలో మేనేజరు గారి చప్పట్లే గట్టిగా వినబడ్డాయి.

ఇక ప్రసంగం మొదలవుతుందనగా, వెనకనుంచి ఒక కేక. పాస్‌పోర్టుల మేస్త్రీ. వెనక రెండు వందల మందీ ఉన్నారు. మూడు వారాలుగా ప్రతి సోమవారం సంతకాలు పెడుతున్నారు.

"ర్యాంకు వచ్చిందంటున్నరు, రిబ్బన్ కోస్తున్నరు. మరి మా కోర్సెప్పుడు? వీసాలేవి?"

కమిషనర్ గారు సుదర్శనాన్ని చూశారు, సుదర్శనం రాజలింగును చూశాడు. ర్యాంకు వచ్చేసింది కాబట్టి ఇక నిషేధం లేదు. రాజలింగు మైకు అందుకున్నాడు. మూడు వారాలు బిగపట్టిన మాట ఒక్కసారిగా బయటపడింది.

"అన్నలారా! గది గల్ఫ్ కాదు, గోల్ఫ్! దేశం కాదు, ఆట! కోర్సంటె సదువు కాదు, జాగ! చెత్త ఆటో మైకుల సరిగ్గ ఇనబడలే. నేను మొదటి దినమే చెప్పవోతె వద్దన్నరు, మీరంత వస్తెనె మార్కులట! నేను గల్ఫ్‌కు పోతే నాకు గోల్ఫ్ దొరికింది. మీరు గోల్ఫ్‌కు వచ్చి గల్ఫ్ అనుకున్నరు!"

మేస్త్రీ తన చేతిలోని పాస్‌పోర్టునూ, రోడ్డునూ మార్చి మార్చి చూశాడు.

"అయితే గోల్ఫ్ అంటే... గుంతల ఆటనా?"

"గుంతల ఆటనే."

"దానికి కోర్సెందుకన్నా? మేం పుట్టినకాన్నుంచి ఆడుతనే ఉన్నం గదా!"

ముందు ఎవరో ఒకరు నవ్వారు, తర్వాత రెండు వందల మందీ నవ్వారు. కమిషనర్ గారు దాన్ని కూడా ప్రజాస్పందన కింద రాసుకొమ్మన్నారు. ఆ నవ్వుల్లోనే రిబ్బను ఎవరు కత్తిరించారో తెలియదు. చూసేసరికి లస్మవ్వ చక్రం దాన్ని తొక్కుకొని ముందుకు పోతోంది.

"బస్సు వేళయింది, జరుగుండ్రి! వీసాలు నా దగ్గర లెవ్వు గని, మిర్చీలున్నయ్. తినేటోల్లు నా ఎనుక రాండ్రి!"

రెండు వందల మందీ కదిలారు. ముందు బండి, వెనక పాస్‌పోర్టులు. కడాయిలో నూనె అద్దంలా ఉంది, ఒక్క చుక్క ఒలకలేదు. తారు రోడ్డు నున్నగా, నల్లగా, ఎక్కడా చిన్న మచ్చయినా లేకుండా మెరుస్తోంది.

ఒకప్పుడు ఏడో నంబరు గుంత ఉన్న చోటికి రాగానే లస్మవ్వ బండిని కుడిపక్కకు తిప్పి, అర్ధచంద్రంగా చుట్టి, మళ్లీ దారిలోకి తెచ్చింది. ఆమె వెనక మేనేజరు గారు తిరిగారు. రాజలింగు తిరిగాడు. కాలనీ మొత్తం అదే వంపు తిరిగింది. నేనూ తిరిగాను.

మరపురానితనం, పదికి పది.